రెండు లిపుల ఊళ్ళలో గ్రాఫిక్ డిజైన్ విద్య: ప్రాజెక్టులు, పోర్ట్‌ఫోలియో

కర్ణాటక పటంలో పావగడ తాలూకాను చూచినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. పేరుకు తుమకూరు జిల్లాలోనిది. చుట్టూ అధికభాగం ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. అంగడి బోర్డు మీద కన్నడం, అంగడి లోపల బేరం తెలుగు. పిల్లలు బడిలో ఒక లిపి నేర్చుకుంటారు. ఇంటికి వచ్చే లగ్నపత్రికలోనో, బంధువుల ఊరి బస్సు బోర్డు మీదనో మరొక లిపి చదువుతారు. హోసూరులోనూ, రాయగడలోనూ, సిరొంచలోనూ, యానాంలోనూ ఇటువంటి స్థితియే ఏదో ఒక రూపంలో ఉన్నది. ఈ రెండు లిపుల జ్ఞానం ఒక వృత్తికి మూలధనం కాగలదన్న సంగతి మన ఇండ్లలో అంతగా చర్చకు రాలేదు.

ఈ వ్యాసానికి కారణం నా పూర్వవిద్యార్థి ఒకడు. పన్నెండవ తరగతి ముగించి నగరంలోని ఒక శిక్షణ సంస్థలో మల్టీమీడియా కోర్సులో చేరాడు. తండ్రి జత ఎద్దులను అమ్మి రుసుము కట్టాడు. సంవత్సరం గడిచాక ఆ పిల్లవాడు పన్నెండు పుటల రంగుల పుస్తకం పట్టుకొని ఒక ముద్రణాలయానికి పని అడగడానికి వెళ్ళాడు. యజమాని పుటలు తిప్పాడు. శీతల పానీయపు సీసా ప్రకటన, చేతి గడియారపు ప్రకటన, ఏదో విదేశీ కాఫీ అంగడి చిహ్నం. "నిన్న వచ్చిన పిల్లవాని దగ్గరా ఇవే పన్నెండు చూశాను. ఇందులో నీవి ఏవి?" అని అడిగాడు. తరువాత కన్నడ, తెలుగు లిపులు రెండూ ఉండవలసిన ఒక గృహప్రవేశ ఆహ్వానపత్రిక ఇచ్చి కూర్చి చూపమన్నాడు. తెలుగు ఒత్తులు అక్షరాల క్రింద నిలువక ప్రక్కకు జారిపోయాయి. ఎందుకు జారాయో పిల్లవానికి తెలియలేదు.

తండ్రి నా వద్దకు వచ్చి, "అయ్యవారూ, వాడికి చదువు అంటలేదా, మనకు మోసం జరిగిందా?" అని అడిగాడు. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. సంస్థ చెప్పిన సాఫ్ట్‌వేర్ పాఠాలన్నీ చెప్పింది. పిల్లవాడు అన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఉపకరణం, డిజైన్ కాదు. ఈ భేదం తెలియకనే మన ప్రాంతపు కుటుంబాలు అప్పు చేసి మరీ రుసుములు కడుతున్నాయి. ఆ తండ్రికి నాడు చెప్పలేకపోయిన సమాధానమే ఇప్పుడు వివరంగా వ్రాస్తున్నాను.

డిజైన్ అనగా ఏమి?

చదునైన తలం మీద, అనగా కాగితం, గోడ, సంచి, తెర వంటి వాటి మీద, అక్షరాలను, బొమ్మలను, రంగులను, ఖాళీ స్థలాన్ని ఒక ప్రయోజనం కొరకు అమర్చడం ద్విమితీయ గ్రాఫిక్ డిజైన్. బోర్డు, లగ్నపత్రిక, విత్తనాల సంచి, ఔషధపు పెట్టె, పాఠ్యపుస్తకపు అట్ట, ఫ్లెక్సీ, ఫోనులో కనిపించే గుర్తులు అన్నీ దీని పరిధిలోనివే. చిత్రకళతో దీనికి చుట్టరికం ఉన్నది గాని రెండూ ఒకటి కావు. చిత్రకారుడు తన మనస్సులోనిది గీయవచ్చును. డిజైనర్ ఇతరుల అవసరానికి గీస్తాడు. ఆ అవసరం తీరిందా లేదా అన్నదే అతని పనికి కొలత.

భారతదేశంలో ఈ విద్యకు పునాది వేసిన పత్రాలలో ముఖ్యమైనది 1958లో అమెరికా డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక. దాని ఫలితంగా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడినది. ఆ దంపతులు తాము ఈ దేశంలో చూచిన వస్తువులన్నింటిలో ఎక్కువగా మెచ్చుకున్నది మనం నీళ్ళు త్రాగే చెంబును! ఎంత నీరు పట్టాలి, చేతి పట్టుకు ఎలా అమరాలి, మోసేటప్పుడు బరువు ఎక్కడ నిలవాలి, వంచినప్పుడు ధార ఎలా రావాలి, తోమడం ఎంత సులువు, ధర ఎంత అని ఒక చెంబు గురించి వరుసగా ప్రశ్నలు వేశారు. చెంబు ద్విమితీయ వస్తువు కాదు. అయినా ప్రశ్నలు వేసే ఆ పద్ధతియే డిజైన్ విద్యకు ఓనమాలు. కిరాణా అంగడి బోర్డుకు కూడా అవే ప్రశ్నలు వర్తిస్తాయి. ఎవరు చదువుతారు? ఎంత దూరం నుండి? నడుస్తూనా, బస్సులో పోతూనా? ఏ లిపిలో?

మొదటి ప్రాజెక్టు: ఊరి అంగడి బోర్డు

విద్యార్థికి నేను ముందుగా చెప్పే ప్రాజెక్టు ఇదే. కంప్యూటర్ అవసరం లేదు. గళ్ళ కాగితం, స్కేలు, టేపు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు చాలును.

తెలిసినవారి అంగడి ఒకటి ఎంచుకొని, రోడ్డు అవతల నుండి బోర్డు వరకు గల దూరాన్ని అడుగులలో కొలవాలి. బోర్డులు వ్రాసేవారు పాటించే ఒక మోటు లెక్క ఉన్నది: ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఎత్తు ఒక అంగుళమైనా ఉండాలి. యాభై అడుగుల దూరం నుండి చదవవలసిన బోర్డుకు అయిదు అంగుళాల అక్షరం అన్నమాట. ఈ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలను దృష్టిలో ఉంచుకొని పుట్టినది. మన తెలుగులో ఒక అక్షరానికి పైన గుడి, క్రింద ఒత్తు చేరితే అంత ఎత్తులోనే మూడు అంతస్తులు ఇమడాలి. అందువలన తెలుగుకు మరికొంత పెంచవలసినదే. ఎంత పెంచాలన్నది విద్యార్థి కాగితం మీద వ్రాసి, గోడకు అంటించి, దూరం నుండి తన అవ్వ చేత చదివించి స్వయంగా తేల్చుకోవాలి. ఆ పరీక్ష ఫలితాన్ని తేదీతో వ్రాసి ఉంచుకుంటే అది పోర్ట్‌ఫోలియోలో ఒక విలువైన పుట అవుతుంది.

తరువాతి ప్రశ్న లిపుల నిష్పత్తి. ఇక్కడ విద్యార్థి చట్టం కూడా తెలుసుకోవలసి ఉంటుంది. కర్ణాటకలో 2024లో చేసిన చట్ట సవరణ ప్రకారం వాణిజ్య సంస్థల బోర్డులలో 60 శాతం కన్నడం ఉండాలి. మహారాష్ట్రలో 2022 సవరణ ననుసరించి దేవనాగరి లిపిలోని మరాఠీ అక్షరాలు మరే ఇతర భాషాక్షరాల కంటెను చిన్నవిగా ఉండరాదు. తమిళనాడు అంగళ్ళ నిబంధనలలో తమిళానికి 5, ఇంగ్లీషుకు 3, మరొక భాషకు 2 వంతుల నిష్పత్తి ఉన్నది. హోసూరులో తెలుగు అక్షరాలతో బోర్డు కోరే అంగడి యజమానికి దక్కేది ఆ రెండు వంతులే. ఆ రెండు వంతుల స్థలంలో తెలుగును చదువుటకు వీలుగా ఎలా నిలబెట్టాలి? నా దృష్టిలో ఇంతకంటె మంచి అభ్యాసం ఏ సంస్థ పాఠ్యక్రమంలోనూ దొరకదు. కొందరు మిత్రులు దీనిని భాషాభిమానపు వివాదంగా చూస్తారు. విద్యార్థికి మాత్రం ఇది కొలతలతో పరిష్కరించవలసిన లెక్క.

లిపుల ప్రక్క లిపులు

తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. ర, గ, ద, ల, జ, బ వంటి అక్షరాల ఒడలు రెండింటిలోను దాదాపు ఒక్కటే. క, త, శ, హ వంటివి వేరు. అసలు భేదం తల మీద ఉన్నది. తెలుగు తలకట్టు సరిచూచిన గుర్తు వలె అక్షరం పైన విడిగా నిలుస్తుంది. కన్నడ తలకట్టు అడ్డగీతగా సాగి కుడి ప్రక్కన మెలిక తిరుగుతుంది. ఈ కారణంగా రెండింటినీ ఒకే కొలతలో ప్రక్క ప్రక్కన పెడితే కన్నడ వరుస గట్టిగా ఒక గీత వెంట నడిచినట్లు, తెలుగు వరుస చుక్కలు చల్లినట్లు కనిపిస్తుంది. రెంటికీ సమాన గౌరవం కనబడాలంటే గీత మందాన్నీ, అక్షరాల ఎడాన్నీ సరిచేయక తప్పదు.

తమిళంతో సమస్య వేరు. తమిళంలో ఒత్తులు క్రిందికి దిగవు. హల్లు మీద చుక్క పెట్టి ప్రక్కనే తరువాతి అక్షరం వ్రాస్తారు. కనుక తమిళ పదం పొడవుగా సాగుతుంది, తెలుగు పదం లోతుగా దిగుతుంది. ఒకే ఆహ్వానపత్రికలో రెండు భాషలూ ఉంటే తమిళానికి సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు; పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకుతుంది. నా అనుభవంలో 12 పాయింట్ల తెలుగు అక్షరానికి వరుసల మధ్య 18 పాయింట్లయినా ఇవ్వవలసి ఉంటుంది. ఒడియా అక్షరాలకు పైన గొడుగు వంటి వంపు, దేవనాగరికి పైన శిరోరేఖ ఉన్నవి. శిరోరేఖ గల లిపి పైనుండి వ్రేలాడుతుంది. తెలుగు అక్షరం క్రింది గీత మీద కూర్చుంటుంది. వ్రేలాడే దానిని, కూర్చునే దానిని ఒకే వరుసలో ఎక్కడ కలపాలన్నది చంద్రపూర్, గడ్చిరోలి ప్రాంతాల పిల్లలకు సహజమైన ప్రాజెక్టు.

రెండు లిపులను ఒకే మనస్సులో ఉంచుకొని పనిచేసినవారికి గొప్ప ఉదాహరణ మన రూపాయి గుర్తు. 2010 జూలై 15న కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన ఆ గుర్తును రూపొందించినవారు బొంబాయి ఐఐటీలో తమిళ అక్షరరూపాలపై పరిశోధన చేసిన డి. ఉదయకుమార్. దేవనాగరి ర, ఇంగ్లీషు ఆర్ రెండింటినీ ఒక్క ఆకృతిలో కలిపారు.

చేతివ్రాత విషయంలో బాపు గారిని (1933–2014) తలచుకోకుండా ఉండలేను. న్యాయశాస్త్రం చదివిన ఆయన అక్షరాలు కంప్యూటర్ ఫాంట్లుగా కూడా వచ్చి, నేటికీ లగ్నపత్రికల మీద కనిపిస్తున్నాయి. ఫాంట్లను ఎంచుకొనే ముందు ప్రతి విద్యార్థీ తన ఊరి పేరును చేతితో నూరుసార్లు వ్రాయాలని నేను పట్టుపడతాను. పిల్లలు విసుక్కుంటారు.

ఫాంట్లు, సాఫ్ట్‌వేర్

సరిహద్దు విద్యార్థులకు ఉపకరించే ఉచిత ఫాంట్లు నేడు చాలినన్ని ఉన్నాయి. గూగుల్ ఫాంట్లలో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, తిమ్మన వంటి పేర్లతో తెలుగు ఫాంట్లు లభిస్తాయి. రెండు లిపులకు ఒకే కుటుంబపు అక్షరాలు కావలెనన్న, ముంబయికి చెందిన ఏక్ టైప్ వారి బాలూ వరుస చూడవచ్చును. అందులో తెలుగు ఫాంటు పేరు తమ్ముడు, కన్నడానిది తమ్మ, తమిళానిది తంబి, ఒడియాది భాయినా. పేర్లలోనే చుట్టరికం చెప్పారు. అనేక్ అనే మరొక వరుస కూడా వారిదే. అందులో తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి లిపులన్నీ ఉన్నాయి. వీటిని ఉచితంగా వాడుకొనుటకు, అమ్మే వస్తువుల మీద అచ్చువేయుటకు కూడా అనుమతి ఉన్నది. దొంగ ప్రతులుగా చేతులు మారే ఫాంట్లకు ఆ అనుమతి ఉండదు. పోర్ట్‌ఫోలియోలో అటువంటివి వాడకపోవడం మేలు.

ఇక ఒత్తులు జారిపోయిన కథ. మన డీటీపీ కేంద్రాలలో చాలకాలంగా తెలుగుకు అను, కన్నడకు నుడి వాడుకలో ఉన్నవి. అను ఫాంట్లతో కూర్చిన అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో కూర్చినవి ఎక్కడైనా చదవవచ్చును గాని, ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్ వంటి సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా భాషల అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. మా పిల్లవానికి ఎవరూ చెప్పనిది ఈ ఒక్క అమరికయే. ఉచితంగా లభించే ఇంక్‌స్కేప్‌లో ఈ బాధ లేదు. గీతల పనికి ఇంక్‌స్కేప్, ఛాయాచిత్రాల పనికి గింప్, చేతి బొమ్మలకు కృత ఉంటే విద్యార్థి దశకు చాలును. ముద్రణాలయాలలో కోరల్‌డ్రా ఎక్కువ గనుక పని దొరికిన తరువాత దానిని నేర్చుకోవచ్చును. సాఫ్ట్‌వేర్ కొనుటకు మొదటి సంవత్సరం ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయనవసరం లేదు.

మరికొన్ని ప్రాజెక్టులు

వేరుశనగ మన నేల పంట. స్త్రీల స్వయం సహాయక సంఘాలు చేసే చిక్కీకి లేబుల్ రూపొందించడం మంచి ప్రాజెక్టు, ఎందుకంటే అందులో అందం కంటె ముందు తప్పనిసరి సమాచారం ఉన్నది: వస్తువు పేరు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు పేరు, చిరునామా, తయారైన తేదీ, ఫిర్యాదుకు సంప్రదించవలసిన వివరాలు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య, శాకాహారమని తెలుపు చతురస్రంలోని ఆకుపచ్చ చుక్క. ఇవన్నీ అరచేతి వెడల్పు కాగితంలో ఇమడాలి. ఇమిడ్చిన తరువాత మిగిలిన జాగాలోనే అందం. మా బడి పిల్లలు మొదటిసారి చేసినప్పుడు వేరుశనగ చెట్టు బొమ్మను అందంగా గీసి బరువు వ్రాయడం మరచారు. సంఘపు అక్కయ్య ఒకామె చూచి నవ్వింది. ఆ తప్పు ప్రతిని పారవేయవద్దని చెప్పి దాచి ఉంచాను.

చదువు రాని పెద్దల కొరకు గుర్తులు మరొకటి. ఆరోగ్య కేంద్రంలో ఏ గదిలో సూది మందు, ఏ గదిలో మందుల చీటీ అన్నది అక్షరం లేకుండా తెలిపే అయిదు బొమ్మలు గీయాలి. గీసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. పదిమంది పెద్దలకు చూపి, ఎవరు దేనిని ఏమనుకున్నారో పట్టిక వేయాలి. నిపుణులు సైతం ఇక్కడ దెబ్బతింటారు. చీటీ బొమ్మను ఒక అవ్వ రొట్టె అనుకొన్నది.

లగ్నపత్రిక, జాతర పటం, బడి వార్షికోత్సవ ఆహ్వానం, పాల సంఘపు ధరల పట్టిక కూడా తీసుకోవచ్చును. వీటి గురించి విస్తరించను, పద్ధతి అదే.

పోర్ట్‌ఫోలియో

పోర్ట్‌ఫోలియో అనగా విద్యార్థి తాను చేసిన పనులలో ఎంచి కూర్చిన సంపుటి. అది బొమ్మల పుస్తకం కాదు. ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడకు చేరినదో చూపే సాక్ష్యం. పనులు ఎనిమిది నుండి పన్నెండు వరకు ఉంటే చాలును. అయిదే గట్టివి ఉంటే అయిదే పెట్టవచ్చును. బలహీనమైన పని ప్రక్కనున్న మంచి పని విలువను కూడా తగ్గిస్తుంది. అన్నింటికంటె మంచిది మొదట, రెండవ మంచిది చివర ఉంచడం వాడుక.

ప్రతి పనికీ రెండు లేక మూడు పుటలు కేటాయించాలి. అవసరం ఏమిటో రెండు వాక్యాలలో చెప్పాలి. తరువాత చిత్తు ప్రతులు, కొట్టివేతలతో సహా. ఆ తరువాత పరీక్ష, అనగా అవ్వ చదివినదా లేదా. చివరన పూర్తి రూపం. అది నిజంగా గోడకెక్కితే దాని ఛాయాచిత్రం. మన పిల్లలు చిత్తు ప్రతులను సిగ్గుపడి చించివేస్తారు. పనికి తీసుకొనేవారు మొదట అడిగేది అవే. ముద్రణాలయ యజమాని "ఇందులో నీవి ఏవి?" అని అడిగినప్పుడు జవాబు చెప్పగలిగేది చిత్తు ప్రతి మాత్రమే.

ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన పని అయితే ఎవరు ఏమి చేశారో వ్రాయాలి. ఇతరుల ఛాయాచిత్రం వాడితే తీసినవారి పేరు చెప్పాలి. చిత్రాన్ని తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధా ఉపకరణాలు 2022 నుండి సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. వాటితో చేసిన బొమ్మ ఉంటే ఆ సంగతి కూడా దాచరాదు. ఆ ఉపకరణాలు ఇచ్చిన పోస్టర్లలో లేని ఒత్తులు, ఏ భాషకూ చెందని అక్షరాలు నేను స్వయంగా చూచాను. రెండు లిపులు తెలిసిన పిల్లవాడు ఆ తప్పును చూపి, సరిదిద్దిన ప్రతిని ప్రక్కన పెడితే అది కూడా పోర్ట్‌ఫోలియోకు తగిన పనియే.

వివరణలు తెలుగులోను, పని దొరికే రాష్ట్ర భాషలోను, వీలైతే సరళమైన ఇంగ్లీషులోను వ్రాయవచ్చును. కాగితపు ప్రతికి ఏ4 లేక ఏ3 పరిమాణం అనుకూలం. కంప్యూటర్ లేనివారు పగటి వెలుతురులో, నీడ పడకుండా, పైనుండి నిట్టనిలువుగా ఫోనుతో చిత్రాలు తీసి పీడీఎఫ్‌గా కూర్చుకోవచ్చును. ఫోను పాడైతే సంవత్సరపు శ్రమ పోతుంది. కనుక రెండవ చోట ఒక ప్రతి ఉంచవలెను.

ముద్రణకు సంబంధించిన నాలుగు మాటలు ఇక్కడే. తెర మీద రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో పుడతాయి; కాగితం మీద నీలం, గులాబి, పసుపు, నలుపు సిరాలతో. తెర మీద మెరిసిన చిలకపచ్చ కాగితం మీద వాడిపోవడానికి కారణం ఇదే. చేతిలో పట్టుకొని చూచే కాగితానికి చిత్రం అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. దూరం నుండి చూచే ఫ్లెక్సీకి అంత అవసరం లేదు. అంచు వరకు రంగు ఉంటే నలువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా ఇవ్వాలి, లేకపోతే కత్తిరింపులో తెల్ల గీత మిగులుతుంది. ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలను గీతలుగా మార్చి పంపితే ఒత్తులు జారవు.

ఎక్కడ చదవాలి?

పదవ తరగతితో ఆగిపోయిన పిల్లలకు ఐటీఐలలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ అనే ఒక సంవత్సరపు కోర్సు ఉన్నది. రుసుము తక్కువ. అది ఉపకరణం నేర్పే కోర్సే. దానికి పై ప్రాజెక్టులు జతచేసుకుంటే ఊరి ముద్రణాలయంలో నిలదొక్కుకోవచ్చును.

పన్నెండవ తరగతి తరువాత రెండు త్రోవలు. ఒకటి లలితకళా కళాశాలలలో అప్లైడ్ ఆర్ట్ లేక విజువల్ కమ్యూనికేషన్ పట్టం. బెంగుళూరు చిత్రకళా పరిషత్తు, మైసూరు చామరాజేంద్ర దృశ్యకళా అకాడమీ, 1850లో మొదలైన చెన్నై ప్రభుత్వ లలితకళల కళాశాల, ముంబయి సర్ జేజే సంస్థ, నాగపూర్ ప్రభుత్వ చిత్రకళా మహావిద్యాలయం, ఒడిశాలో ఖల్లికోట, భువనేశ్వర్ కళాశాలలు, యానాం వారికి పుదుచ్చేరిలోని భారతియార్ పల్కలైకూడం ఈ కోవలోనివి. ఆంధ్రలో కడప వైఎస్సార్ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలంగాణలో హైదరాబాదు జవాహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో స్థానికత ప్రశ్న వస్తుంది. సరిహద్దుకు ఇవతల ఇల్లు, అవతల చదువు ఉన్న పిల్లలు ఎటూ కాకుండా పోయే ప్రమాదం ఉన్నది గనుక, చేరే సంవత్సరపు నిబంధనను ముందుగానే చదువుకోవాలి.

రెండవ త్రోవ జాతీయ డిజైన్ సంస్థలు, ఐఐటీలు. 2015లో ఆంధ్రప్రదేశ్‌కు కూడా ఒక జాతీయ డిజైన్ సంస్థ వచ్చినది. ఐఐటీలలో డిజైన్ పట్టానికి 2015 నుండి యూసీడ్ అనే పరీక్షను బొంబాయి ఐఐటీ నిర్వహిస్తున్నది. హైదరాబాదు ఐఐటీలోనూ దీని ద్వారానే ప్రవేశం. ఏ గ్రూపు చదివినవారైనా వ్రాయవచ్చును. ఈ పరీక్షలలో స్థానికత నిబంధన లేదు, ఇది మనకు అనుకూలం. అయితే పట్టపు ప్రవేశంలో ప్రధానంగా చూచేది పరీక్షలో చేసిన పనినే, ఇంటినుండి తెచ్చిన పోర్ట్‌ఫోలియోను కాదు. ఈ సంగతి తెలియక కొందరు వేలకు వేలు పోసి పోర్ట్‌ఫోలియోలు తయారు చేయించుకుంటున్నారు. ఉద్యోగానికీ, శిక్షణార్థిగా చేరడానికీ, పై చదువుల ఇంటర్వ్యూలకూ పోర్ట్‌ఫోలియో కావాలి. ఇతరుల చేత చేయించినది అక్కడ రెండు ప్రశ్నలకు కూడా నిలువదు.

బడిలో ఉండగానే చేయదగినది ఒకటున్నది. మహారాష్ట్రలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియెట్ డ్రాయింగ్ గ్రేడు పరీక్షలు, కర్ణాటకలోను ఆంధ్రలోను లోయర్, హైయర్ డ్రాయింగ్ పరీక్షలు ప్రభుత్వమే నిర్వహిస్తుంది. చేతిని సాధన చేయించుటకు ఇవి చక్కని సాకు.

శిక్షణ సంస్థలో రుసుము కట్టే ముందు తల్లిదండ్రులు అడగవలసినవి ఉన్నాయి. గత సంవత్సరపు ముగ్గురు విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు చూపమనండి. మూడింటిలో ఒకే బొమ్మలుంటే లేచి రావచ్చును. తెలుగులోనో కన్నడంలోనో ఒక పోస్టర్ మా ముందు కూర్చి చూపుతారా అని అడగండి. మధ్యలో మానితే రుసుములో ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద వ్రాయించుకోండి.

మా పిల్లవాడు అదే ముద్రణాలయానికి ఆరు నెలల తరువాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి పుటలు తొమ్మిదే. మొదటి పుటలో తన పెదనాన్న ఎరువుల అంగడి బోర్డు, నాలుగు చిత్తు ప్రతులతో. యజమాని వాటిలో మూడవదానిని చూచి, దీనిని ఎందుకు వదిలావు, ఇదే బాగున్నది కదా అన్నాడట. దాని మీద ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నెలకు తొమ్మిది వేల జీతం. ఎద్దుల సొమ్ము ఇంకా తిరిగి రాలేదు.

ఈ సంవత్సరం దరఖాస్తు చేయదలచినవారికి: యూసీడ్ నమోదు సాధారణంగా అక్టోబరులో మొదలవుతుంది, పరీక్ష జనవరిలో జరుగుతుంది, వరుసగా రెండు సంవత్సరాలలో రెండు అవకాశాలు మాత్రమే. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కేంద్ర ప్రభుత్వ నమూనాలో అడుగుతారు. తాలూకా కచేరీలో రాష్ట్ర నమూనా ఇచ్చి పంపడం తరచుగా జరుగుతుంది. పిల్లవాని పేరు కన్నడ బడి పట్టికలో ఒక వర్ణక్రమంతో, ఆధార్‌లో మరొక వర్ణక్రమంతో ఉండటం మన ఊళ్ళలో సర్వసాధారణం. ఆ రెండింటినీ సెప్టెంబరులోగా సరిచేయించుకోండి.